వడ్రంగిపిట్ట పేరున్న కంప్యూటర్

"నేను మార్చలేదు మేడమ్," అంది ఆ అమ్మాయి.

పొద్దున్నించి అదే మాట. చెప్పీ చెప్పీ గొంతు జీరబోయింది. గోడకి ఆనుకుని నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ చేతి గడియారం చూసుకున్నాడు. మధ్యాహ్నం ఈ పిల్లని కోర్టులో నిలబెట్టాలని ఆయన తొందర. నిలబెట్టనివ్వకూడదని కేబులమ్మ తొందర.

కేబులమ్మ డిటెక్టివ్. ఈ పనిలోకి రాకముందు ఆఫీసుల్లో కంప్యూటర్లకి కేబుళ్లు లాగేది. ఒక కంప్యూటర్లో ఫైళ్లు ఇంకో కంప్యూటర్‌కి అందకపోతే అందేలా చేసేది. ఇప్పుడు లాగుతున్నది కూపీలే అయినా పాత పేరు ఆమెని వదల్లేదు. ఇన్‌స్పెక్టర్‌కీ ఒక పేరుంది గాని ఆ సంగతి ఆయనకి తెలియదు. చొక్కా మడత నలగకుండా దొంగల్ని పట్టుకుంటాడని స్టేషన్లో అందరూ ఇస్త్రీ ఇన్‌స్పెక్టర్ అంటారు. అలాగని తక్కువ అంచనా వేయడానికి లేదు. చొక్కాకి ఎంత పదునుందో బుర్రకీ అంతే ఉంది.

వాళ్లున్నది ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసు. ఇక్కడ గీసిన ఒక భవనం, నాలుగో అంతస్తు స్లాబు పోసిన మర్నాడు, కింది పిల్లర్లు వంగి కూలిపోయింది. కింద గోడ కడుతున్న తాపీమేస్త్రి అక్కడికక్కడే పోయాడు. ఆ భవనాన్ని మొదట మూడంతస్తులనుకుని సన్న పిల్లర్లతో గీశారు. యజమాని నాలుగోది కావాలన్నాక ఇంజినీరు మళ్లీ లెక్క వేసి పిల్లర్లు లావు చేయించాడు. కంప్యూటర్లో వాటిని లావు చేసింది ఈ అమ్మాయే. కానీ సైటుకి వెళ్లిన ప్రింటులో మాత్రం పాత సన్న పిల్లర్లే ఉన్నాయి. ఆ ప్రింటు తీసి పంపింది కూడా ఈ అమ్మాయే.

"ప్రింటు తీసిన రోజు సంగతి మొదటినించీ చెప్పు," అంది కేబులమ్మ. "ఇన్‌స్పెక్టర్ గారికి కాదు, నాకు చెప్పు. నేను ఇప్పుడే పుట్టాననుకుని చెప్పు."

అమ్మాయి ముక్కు తుడుచుకుంది. "పొద్దున వచ్చేసరికి, అందరి ఫైళ్లూ ఉండే షేర్ ఫోల్డర్ రావట్లేదు మేడమ్. కిటికీ వైపు కూర్చునేవాళ్లకి ఒక్కరికీ రాలేదు. గోడవైపు వాళ్లకి వస్తోంది."

"నీది ఎటువైపు?"

"గోడవైపు. అందుకే నా పని ఆగలేదు. పిల్లర్లు లావు చేశాను, షేర్‌లో దాచాను, ఫైలు మూసేసి భోజనానికి కిందికి వెళ్లాను."

"ఫైలు మూశావా? తెరిచి ఉంచి వెళ్లలేదు?"

"మూసేశాను. తెరిచి వదిలేస్తే ఇంకెవరికీ తెరుచుకోదని మాకు పని నేర్పే మాస్టారు కోప్పడతారు."

"భోజనం అయ్యాక?"

"వచ్చి ఫైలు తెరిచాను, తెర వైపు సరిగ్గా చూడకుండానే ప్రింటు కొట్టాను, చుట్టి సైటుకి పంపేశాను."

"తీసిన ప్రింటు చూసుకున్నావా?"

అమ్మాయి నేల చూపులు చూసింది. "గంట కిందట నేనే గీశాను కదా మేడమ్. మళ్లీ చూడ్డానికి ఏముందనుకున్నాను."

ఇన్‌స్పెక్టర్ గోడ వదిలి ముందుకొచ్చాడు. "మధ్యలో ఒక ముక్క మింగేసింది. తింటూ తింటూ లేచి పైకొచ్చింది. అది కూడా చెప్పమనండి."

"చెంచా మర్చిపోయాను సార్!"

"చెంచా కోసం ఇన్ని మెట్లెక్కావా?"

"చేత్తో తింటే తర్వాత డ్రాయింగుల మీద మరకలు పడతాయి సార్. మాస్టారు ఒప్పుకోరు."

ఈ జవాబు నిజమే అయ్యుంటుందని కేబులమ్మకి అనిపించింది. అబద్ధం ఆడదలుచుకున్నవాళ్లు ఇంత చిన్న అబద్ధం ఆడరు. ఇన్‌స్పెక్టర్‌కి అలా అనిపించలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, పాఠం చెప్పినట్టు చెప్పుకుపోయాడు. ఫైలు భోజనాల వేళలో మారిందని సర్వర్ రికార్డు చెప్తోంది. ఆ వేళలో గదిలోకి వచ్చింది ఈ అమ్మాయి. ఆ భవనం కాంట్రాక్టరు ఈ అమ్మాయికి స్వయానా మేనమామ. పిల్లర్లు సన్నబడితే ఇనుము మిగిలేది ఎవరికి?

"గదిలో ఇంకెవరూ లేరా?" అని అడిగింది కేబులమ్మ.

"ఉన్నారు. మీ బావగారు. పొద్దున్నించీ మొరాయిస్తున్న కేబులు మారుస్తూ టేబుళ్ల కింద పాకుతున్నారు. ఆయన కంప్యూటర్ ఆపేసి ఉంది. నేను అన్నీ చూశాకే మాట్లాడతాను మేడమ్. ఆ మేస్త్రి భార్య రోజూ స్టేషన్‌కి వస్తోంది. పరిహారం అడగదు, ఏమీ అడగదు. 'గీసిందెవరో ఒక్కసారి మొహం చూపించండి' అంటుంది. ఏం చూపించమంటారు, మీ కేబుళ్లా?"

కేబులమ్మని ఈ కేసులోకి పిలిచింది బావే. ఈ ఆఫీసుకి పెద్ద డ్రాఫ్ట్స్‌మన్, అందరికీ మాస్టారు. అక్క పోయిన దగ్గర్నించి ఫోన్ చేయడమే మానేసిన మనిషి నిన్న చేశాడు. "మరదలా, ఆ పిల్లకి ఏ పాపం తెలియదు. నేను చేయి పట్టి నేర్పినదాన్ని తీసుకెళ్లిపోతుంటే చూస్తూ ఊరుకోలేను. నువ్వొచ్చి తేల్చు," అన్నాడు. ఏడాదిగా ఆ గొంతులో ప్రాణం విన్నది అప్పుడే. అందుకని రెక్కలు కట్టుకుని వచ్చి వాలింది.

"ఇంకొక్కటి చెప్పు. ఆ ఫైల్లో పిల్లర్లు కాక ఇంకేమైనా మార్చావా?"

అమ్మాయి తడబడింది. ఇన్‌స్పెక్టర్ చెవులు రిక్కించాడు.

"రాతలు తుడిచేశాను," అంది చివరికి. "అక్కగారివి."

"ఏం రాతలు?"

"డ్రాయింగులో పొరలుంటాయి కదా మేడమ్. గోడలకొక పొర, పిల్లర్లకొక పొర. మాలో మేము ఏదైనా చెప్పుకోవాలంటే ప్రింటులో పడని పొర ఒకటి పెట్టుకుని అందులో రాసుకుంటాం. తెరమీద తప్ప కాగితం మీద కనిపించదు. అక్కగారు అందులో మాస్టారి మీద జోకులు రాసేవారు. శ్రీవారూ అది, శ్రీవారూ ఇది అని. కొత్త పిల్లర్లు గీస్తుంటే ఆ రాతలు అడ్డమొచ్చాయి. అక్కగారు ఎలాగూ లేరు కదా అని..." అమ్మాయికి ఏడుపు ముంచుకొచ్చింది. "మాస్టారికి చెప్పలేదు మేడమ్. మీరూ చెప్పకండి."

అక్కగారంటే కేబులమ్మ సొంత అక్క. ఈ ఆఫీసులోనే, బావ పక్క టేబుల్ దగ్గర కూర్చుని గీసేది. కేబులమ్మ లేచి, "సర్వర్ ఎక్కడ?" అంది.

సర్వర్ అనగానే చల్లటి గది, మెరిసే దీపాలు ఊహించుకుంటారు గాని, చిన్న ఆఫీసుల్లో దాని బతుకు వేరు. ఇక్కడది టీ కాచుకునే గదిలో, గొడుగులూ చీపురూ పెట్టుకునే బీరువాలో, పై అరలో ఉంది. కేబులమ్మ స్టూలు లాక్కుని కూర్చుని కీబోర్డు ఒళ్లో పెట్టుకుంది. ఇన్‌స్పెక్టర్ తలుపు దగ్గర నిలబడ్డాడు, చొక్కాకి మసి అంటకుండా.

"మావాళ్లు చూశారు మేడమ్. మార్చినవాళ్ల పేరు దగ్గర 'ఆఫీసు' అని ఉంది."

"అది మనిషి పేరా?"

"ఇక్కడ అందరూ ఆ ఒక్క పేరుతోనే లోపలికి వెళ్తారట."

కేబులమ్మకి ఒళ్లు మండింది. ఇది ఆమెకి తెలియని జబ్బు కాదు. ఒకరోజు ఒకరికి షేర్ ఫోల్డర్ 'అనుమతి లేదు' అంటుంది. ఇంకోరోజు ఇంకొకరిని పాస్‌వర్డ్ అడుగుతుంది, సరైనది కొట్టినా తప్పంటుంది. ఎవరికి ఏ అనుమతి లేదో కూర్చుని వెతికే ఓపిక ఎవరికీ ఉండదు. అన్నిటికీ ఒకటే మందని చెప్పి, అన్నీ తెరుచుకునే ఒక పేరు, ఒక పాస్‌వర్డ్ తయారుచేసి ఊరందరికీ పంచుతారు. మళ్లీ మళ్లీ పాస్‌వర్డ్ అడగకుండా ఉంటుందని ప్రతి కంప్యూటర్లోనూ దాన్ని దాచి పెడతారు. పని సాఫీగా జరిగినన్నాళ్లూ అందరూ హాయిగా ఉంటారు. ఒక మనిషి చచ్చిపోయాక, తలుపు తీసిందెవరని అడిగితే, ఇంటి నిండా ఒకే తాళంచెవి.

"పేరు చూసి ఆగిపోయారు మీవాళ్లు," అందామె. "ఏ కంప్యూటర్‌లోంచి వచ్చాడో కూడా సర్వర్ రాసిపెట్టుకుంటుంది. కాస్త లోపలికి వెళ్లాలి, అంతే."

ఈ ఆఫీసులో కంప్యూటర్లకి పిట్టల పేర్లు పెట్టుకోవడం అలవాటు. ఎవరిది వాళ్లే పెట్టుకుంటారు. ఈ అమ్మాయిది పిచ్చుక. పొడుగు కాళ్ల ఇంజినీరుది కొంగ. బావది గుడ్లగూబ, ఆ పేరు ఆయన పెట్టుకున్నది కాదు, అక్క పెట్టింది. రికార్డులో పిచ్చుక కనిపించకపోతే చాలు, ఈ పిల్ల ఇంటికి వెళ్లిపోతుంది. కేబులమ్మ ఆ రోజుకి వెళ్లింది. భోజనాల వేళకి వెళ్లింది. ఆ ఫైలు మీద వేలు పెట్టింది.

పిచ్చుక లేదు. గుండె తేలికపడింది. పక్కన ఉన్న పేరు చదివింది.

వడ్రంగిపిట్ట.

ఇంకోసారి చదివింది. కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, పెట్టుకుని మళ్లీ చదివింది.

కీబోర్డు మీద టకటకా కొట్టి గదంతా మోగించేదని అందరూ ఏడిపిస్తే, "అవును, నేను వడ్రంగిపిట్టనే" అని అక్క తన లాప్‌టాప్‌కి ఆ పేరు పెట్టుకుంది. అక్క పోయి ఏడాది దాటింది. ఈ ఫైలు మారి ఆరు నెలలైంది.

"ఏమైనా దొరికిందా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఇంకా చూస్తున్నాను," అంది కేబులమ్మ.

ఈ వృత్తిలో పోలీసులకి ఆమె అబద్ధం చెప్పడం అదే మొదలు.

"మేడమ్, మీ మొహం చూస్తే దొరికినట్టే ఉంది."

"నా మొహం ఎప్పుడూ ఇంతే."

"బంధువుల ఆఫీసు అయినా మిమ్మల్ని రానిచ్చాను. ఎందుకో తెలుసా? మీరు చుట్టరికం చూసుకుని కేసు నడపరని విన్నాను."

"సరిగ్గానే విన్నారు," అని కేబులమ్మ తెర ఆర్పేసింది. "మా బావతో ఒక్క మాట మాట్లాడాలి. ఒంటరిగా."

"జీపు కింద సిద్ధంగా ఉంది. మీరు బయటికొచ్చేసరికి నాకొక పేరు చెప్పాలి. చెప్పలేకపోతే ఈ అమ్మాయే ఎక్కుతుంది."

బావ తన గదిలో ఒక పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నాడు. పెన్సిలుతో గీసే రోజులు పోయి ఎన్నాళ్లయినా, చేతులకి పని లేకపోతే ఆయన పెన్సిళ్లు చెక్కుతాడు. పక్క టేబుల్ ఖాళీగా ఉంది. దానిమీద దుమ్ము లేదు. రోజూ తుడుస్తున్నట్టున్నాడు. ఒకప్పుడు మరదలు కనిపిస్తే చాలు, "వచ్చావా తల్లీ, ఇక మా ఇంట్లో దొంగలు భయపడి చస్తారు" అని మొదలుపెట్టేవాడు. ఇప్పుడు తలెత్తి, "తేలిందా?" అన్నాడు అంతే.

"బావా, అక్క లాప్‌టాప్ ఏది?"

ఆయన చేతిలో పెన్సిలు ఆగింది. "ఎందుకు?"

"చెప్తాను. ఎక్కడుంది?"

"ఇక్కడే." ఆయన వంగి కింది సొరుగు తీశాడు. అక్క చేతిసంచీ. దాని జిప్పుకి పట్టుకున్న అక్క జడపిన్ను ఇంకా అలాగే ఉంది. కేబులమ్మ దాన్ని చూసి చూడనట్టు పక్కకి జరిపి లాప్‌టాప్ బయటికి తీసింది. "ఇంట్లో పెడితే ఒక్కదాన్నే వదిలేసి వచ్చినట్టుంటుంది," అన్నాడాయన, ఎవరూ అడగకుండానే. "అందుకని రోజూ ఇక్కడికి తెచ్చుకుంటాను."

"ఎప్పుడైనా తెరిచావా?"

"ఒక్కసారి."

"ఎప్పుడు?"

"కిటికీ వైపు ఫోల్డర్లు రాని రోజు. ఎవరి కుర్చీ చక్రమో ఎక్కి కేబులు నలిగింది. కొత్తది వేశాను. వేశాక అది పని చేస్తోందో లేదో చూడాలి కదా. టేబుల్ కిందికి పెద్ద కంప్యూటర్ తీసుకెళ్లలేను. అందరూ భోజనానికి వెళ్లారు, ఆఫీసులో ఉన్న లాప్‌టాప్ ఇదొక్కటే. మనసొప్పలేదు గాని ఛార్జరు పెట్టి తీశాను. కేబులు పెట్టగానే ఫోల్డరు టక్కున వచ్చింది." ఆ తలపుకి ఆయన మొహంలో చిన్న వెలుగు వచ్చింది. "అన్ని నెలలు మూలపడున్నా మొరాయించలేదు మరదలా. అచ్చం మీ అక్కే."

ఇక కేబులమ్మ అడగవలసింది ఒకటే ఉంది. అడగకుండా లేచి వెళ్లిపోతే ఎంత బాగుండునో అనుకుంది.

"కేబులు పెట్టాక అది ఏమైనా అడిగిందా? తెరమీద?"

"అడిగింది. ఏదో డబ్బా తెరుచుకుంది. ఈ ఫైలు రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది, దేన్ని ఉంచమంటారు, ఈ కంప్యూటర్లో ఉన్నదాన్నా, సర్వర్లో ఉన్నదాన్నా అని. రెండూ తెరిచి చూశాను. సర్వర్ దాంట్లో..." ఆయన ఆగాడు. "దాంట్లో మీ అక్క రాసినవి ఒక్కటీ లేవు. ఎవరు తుడిచారో. తుడిస్తే తుడిచారు, వాళ్ల పని వాళ్లది. దీంట్లో మాత్రం అన్నీ ఉన్నాయి. ఆస్పత్రిలో పడుకుని రాసినవి కూడా ఉన్నాయి, నేనెప్పుడూ చూడనివి. ఒకటో రెండో చదివాను. కళ్లు మసకలొచ్చి మిగతావి చదవలేకపోయాను."

"దేన్ని ఉంచమన్నావు బావా?"

"ఇదేం ప్రశ్న?" అన్నాడాయన. "మీ అక్కదే ఉంచమన్నాను. తీసెయ్యమని నా చేత్తో ఎలా నొక్కుతాను?"

కిటికీ బయట ఎవరో బండి స్టార్ట్ చేస్తున్నారు. అది అంటుకోవడం లేదు. అది అంటుకునేదాకా కేబులమ్మ మాట్లాడలేదు.

చెప్పక తప్పదు. చెప్పింది. అక్క ఆస్పత్రిలో ఉండి కూడా గీస్తానని మంకుపట్టు పట్టినప్పుడు, అక్కడ నెట్‌వర్క్ అందదు కాబట్టి, షేర్ ఫోల్డర్లోని ఫైళ్లకి ఈ లాప్‌టాప్‌లో నకళ్లు ఉండేలా ఏర్పాటు చేసింది తనే. అక్క గీసింది ఇందులో ఉంటుంది, తిరిగి ఆఫీసు కేబులు తగలగానే సర్వర్‌లోకి వెళ్తుంది. అక్క తిరిగి ఆఫీసుకి రాలేదు. లాప్‌టాప్ వచ్చింది. అది అడిగింది ఈ లాప్‌టాప్‌లో దేన్ని ఉంచాలని మాత్రమే కాదు. సర్వర్లో దేన్ని ఉంచాలని కూడా. రెండుచోట్లా ఒకటే ఉండాలని.

"నువ్వు అక్కది ఉంచమన్నావు. అది ఆ అమ్మాయి గీసినదాన్ని తీసేసి, అక్కది పెట్టింది. అక్క గీసినప్పుడు భవనానికి మూడంతస్తులే బావా."

ఆయన చాలాసేపు ఆమెనే చూశాడు. అర్థం కానట్టు కాదు. అర్థమైంది లోపలికి దిగడానికి చోటు వెతుక్కుంటున్నట్టు.

"సన్న పిల్లర్లు," అన్నాడు.

"అవును."

"ఆ మేస్త్రిని..."

"బావా."

"నేనా? నేనేనా మరదలా?"

కేబులమ్మ ఆయన చేయి పట్టుకుంది. అందులో పెన్సిలు ఇంకా ఉంది. ముప్పై ఏళ్లలో ఒక్క గీత తప్పు పోనివ్వని చేయి అది. కుర్రవాళ్లు ఒక సున్నా మర్చిపోతే, "దీని కింద మనుషులుంటారు" అని అరిచేవాడు. అక్క పోయినప్పుడు కూడా కేబులమ్మకి ఇంత ఏడుపు రాలేదు. అప్పుడు కనీసం తిట్టుకోవడానికి ఒక రోగం ఉంది.

"ఎవరికీ చెప్పకుండా ఉండే దారి ఉంది," అంది ఆమె, తన గొంతు తనకే వినపడనంత చిన్నగా. "రికార్డు వాళ్లు సరిగ్గా చూడలేదు."

బావ చేయి వెనక్కి తీసుకున్నాడు. కోపంగా కాదు. పెన్సిలుని జాగ్రత్తగా డబ్బాలో, మొన పైకి ఉండేలా పెట్టాడు.

"కింద జీపులో ఎక్కించేది ఎవరిని?" అన్నాడు.

కేబులమ్మ తలుపు వైపు చూసింది. అవతల ఆ అమ్మాయి ఉంది.

"ఆ పిల్లకి చేత్తో తినొద్దని నేనే చెప్పాను. చెంచా కోసం పైకొచ్చిందట. దానికి శిక్షా?" లేచి నిలబడి, మళ్లీ కూర్చున్నాడు. "ఈ లాప్‌టాప్ వాళ్లు తీసుకుంటారు కదా?"

"తీసుకుంటారు. సాక్ష్యం."

"తిరిగి ఇస్తారా?"

"ఎప్పుడిస్తారో చెప్పలేను. అందులో నేను ఏమీ కాపీ చేయకూడదు కూడా. ఏదైనా మారిస్తే కేసు చెడుతుంది."

"ఏమీ మార్చొద్దు. మీ అక్క రాసినవి నేను చదవలేకపోయినవి ఉన్నాయి. అవి చదివి వినిపించు. ఆ తర్వాత తలుపు తీద్దువుగాని."

నెట్‌వర్క్ కేబులు తగిలించకుండా, ఛార్జరు మాత్రం పెట్టి కేబులమ్మ లాప్‌టాప్ తెరిచింది. డ్రాయింగులో ప్రింటులో పడని పొర పైకి వచ్చింది. గోడల మధ్య, మెట్ల పక్కన, కిటికీల మీద, చిన్న చిన్న అక్షరాలు. అక్క గొంతు చెవిలో పడ్డట్టయింది. ఆమె గట్టిగా చదివింది.

"'శ్రీవారూ, ఈ కిటికీ తలుపు కన్నా పెద్దది పెట్టారు. దొంగలకి మోకాళ్ల నొప్పులనా?'"

బావ నవ్వాడు. నవ్వు మధ్యలో తెగిపోయింది.

"'మెట్ల కింద ఈ మూల ఖాళీగా వదిలాను. ఈ ఇంటాయన కూడా మీలా అలిగితే కూర్చోడానికి.'"

"అలిగింది నేనా తనా," అన్నాడు బావ. "ఇంకా?"

"'నర్సమ్మ లాప్‌టాప్ లాక్కుంటానని బెదిరిస్తోంది. మా చెల్లెలు డిటెక్టివ్ అని చెప్పాను. భయపడలేదు.'"

కేబులమ్మకి చదవడం కష్టమైంది. కళ్లు ఒత్తుకుని ముందుకి జరిగింది. డ్రాయింగు చివర, కింది మూల, పిల్లర్ల పక్కన ఆఖరి రాత ఉంది. మిగతావాటికన్నా పెద్దది. ఆమె దాన్ని మనసులో చదువుకుంది.

శ్రీవారూ, ఇది జోకు కాదు. ఈ పిల్లర్లు మూడంతస్తులకే. ఈ ఇంటాయన వాలకం చూస్తే నాలుగోది అడిగేలా ఉన్నాడు. అప్పటికి నేను ఉండకపోవచ్చు. నేను గీశానని చెప్పి దీన్ని పట్టుకుని కూర్చోకండి, మీ సంగతి నాకు తెలుసు. నాది తీసేసి కొత్తది గీయించండి.

కేబులమ్మ లాప్‌టాప్ తెరని కాస్త తనవైపు తిప్పుకుంది.

"ఇంకా ఉందా?" అని అడిగాడు బావ. ముందుకి వంగి, కళ్లజోడు లేక తెరమీద ఏదీ కనపడక, చిన్నపిల్లాడిలా ఆమె మొహం వైపే చూస్తున్నాడు.

"లేదు బావా," అంది కేబులమ్మ. "అయిపోయింది."

వెనక చిన్న దగ్గు వినిపించింది. ఇన్‌స్పెక్టర్ ఎప్పుడు తలుపు తీశాడో, ఎంతసేపటి నుంచి ఆమె భుజం వెనక నిలబడ్డాడో తెలియదు. ఆయన చూపు తెర మీద, కింది మూల దగ్గరే ఉంది. పెదాలు కదలకుండా చివరి దాకా చదివాడు. తర్వాత బావని చూశాడు.

బావ లేచాడు. "ఆ ఫైలు మార్చింది నేనండీ. ఆ పిల్ల కాదు. ఎలా జరిగిందో మా మరదలు చెప్తుంది, నాకు సరిగ్గా చెప్పడం రాదు. ఆ మేస్త్రి భార్య మొహం చూపించమంటోందట కదా. తీసుకెళ్లి చూపించండి."

ఇన్‌స్పెక్టర్ వరండాలోకి తిరిగి కానిస్టేబుల్‌ని కేకేశాడు. "ఆ అమ్మాయిని ఇంటికి పంపించెయ్యి. వాళ్లమ్మకి ఫోన్ చేసి రమ్మను, ఒక్కదాన్నే పంపకు." అని, మెత్తగా, "పదండి మాస్టారూ," అన్నాడు.

బావ అక్క టేబుల్ దగ్గర ఒక క్షణం ఆగి, అరచేత్తో దాన్ని ఒకసారి తుడిచి బయటికి నడిచాడు. వరండాలో ఆ అమ్మాయి "మాస్టారూ" అని గొల్లుమనడం, ఆయన "ఏడవకు, ప్రింటు తీశాక ఒకసారి చూసుకోవాలి, తెలిసిందా?" అనడం లోపలికి వినిపించింది.

ఇన్‌స్పెక్టర్ లాప్‌టాప్ మూసి, సాక్ష్యాల సంచిలో పెట్టి, ముడి వేశాడు. వేయడం అయ్యాక కూడా కదల్లేదు.

"ఆఖరిది మీరు చదవలేదు మేడమ్."

"మీరు చదివారుగా."

"నేను చదివితే సరిపోదు. ఇది సాక్ష్యం. కోర్టులో పైకి చదువుతారు. ఆయన ఎదురుగానే."

"తెలుసు," అంది కేబులమ్మ.

అక్క చేతిసంచీ ఇంకా సొరుగులోనే ఉంది. ఇన్‌స్పెక్టర్ దాన్ని చూశాడు గాని అడగలేదు. ఆమె దాన్ని చంకన పెట్టుకుని, బావని ఒంటరిగా పోనివ్వకూడదని, జీపు వైపు గబగబా మెట్లు దిగింది.